జెస్సికా గుండు, సినిమా జడ

ఆ ఆదివారం చర్చిలో పూజకు ముందు, పాటల బృందాన్ని నడిపే జాన్ పాల్ గారు మా పక్కింటి జెస్సికాను వెనక వరుసలోకి వెళ్లమన్నారు.

"వీడియో తీస్తున్నారమ్మా. ముందు గుండు కనిపిస్తే బాగోదు."

పదహారేళ్ల పిల్ల కదల్లేదు. "గుణదల మాతకిచ్చిన జుట్టండీ. ఆవిడకు లేని ఇబ్బంది మీకేంటండీ? నాది నేనిచ్చాను, మీది దానంతటదే పోయింది. వెనక్కి వెళ్లాల్సింది మీరు."

ఆయన చెయ్యి బట్టతల మీదకు పోయింది. ఆడవాళ్ల వైపు నవ్వులు మొదలయ్యాయి. మొదలుపెట్టింది నేనే, దాచడం దేనికి? జెస్సికా ముందు వరుసలోనే పాడింది. శ్రుతి మాత్రం తప్పింది.

అసలు మొక్కు ఆ పిల్లది కాదు. తండ్రి స్టీఫెన్ ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేస్తాడు. పైనుంచి పడి నడుం విరగ్గొట్టుకుంటే, తల్లి అమలమ్మ కూతురి జుట్టు మొక్కింది. నీది మొక్కుకోవచ్చుగా అని నేనంటే, "నా నాలుగు వెంట్రుకలు మాతకేం ఆనతాయి పిన్నీ" అంది. స్టీఫెన్ లేచి నడిచాడు. కాలేజీలో మాత్రం జెస్సికా పక్కన కూర్చునే పిల్లే లేకుండా పోయింది. సాయంత్రాలు మా వసారాలోనే గడిపేది.

అక్కడే నాకో నవల చదివి వినిపించింది. నత్తి ఉన్న కుర్రాణ్ని ఊరంతా వెక్కిరిస్తుంది. వాడు పడవ నడపడం నేర్చుకుంటాడు. ఆఖరి పేజీ దాకా నత్తి పోదు. "ఇంతేనా? పెళ్లయినా చెయ్యలేదేంటే ఆ రాసినాయన?" అన్నాను.

తర్వాత ఫోన్లో సినిమా చూశాం. కళ్లజోడు, పొట్టి జుట్టు ఉన్న పిల్లను కాలేజీలో ఎవరూ పలకరించరు. ఆఖరి పాటలో జోడు తీసేసి, బారెడు జడతో మెట్లు దిగుతుంది. అందరూ చప్పట్లు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

"భుజాలకు రాని జుట్టు ఒక్క పాటలో నడుం దాకా ఎట్లా పెరిగింది అమ్మమ్మా?"

"సినిమా నూనె రాసుంటారే. పాట బాగుందిగా!"

"పాట బాగుంది, పిల్లే మాయమైంది. నవల్లో వాడు నత్తితోనే రేవు దాటిస్తానన్నాడు, జనం ఎక్కారు. ఇక్కడ ఆ పిల్ల ఇంకోలా మారితే గాని ఎవడూ మాట్లాడలేదు."

నేనొప్పుకోలేదు. జెస్సికా చెబితే ఫాదర్ గారు మాత్రం మెచ్చుకుని, ఈ మాటలే మా చర్చి యువజన సభలో చెప్పమన్నారు. కాలేజీ పిల్లలూ వస్తారని తెలిసి అమలమ్మ విగ్గు కొనుక్కొచ్చింది. ఇది లేకుండా స్టేజీ ఎక్కడానికి వీల్లేదంది.

"మాతకిచ్చింది మళ్లీ బజార్లో కొనుక్కుంటామా అమ్మా?" అంది కూతురు. అంతటితో ఇద్దరికీ మాటల్లేవు.

నిన్న జెస్సికా విగ్గు పట్టుకుని వచ్చింది. ఎప్పుడూ గలగలలాడే పిల్ల గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"భయమేస్తోంది అమ్మమ్మా. అయినా ఇది పెట్టుకుని ఆ మాటలు చెప్పలేను."

"పెట్టుకోమాకు. మీ అమ్మకు నేను చెబుతాలే."

"చెప్పడం కాదు." నా ముగ్గుబుట్ట తలకేసి చూసింది. దాని మీద నాకెంత గర్వమో వీధంతటికీ తెలుసు. "ఇది నువ్వు పెట్టుకుని ముందు వరుసలో కూర్చో. అందరూ నిన్ను చూసి పడీపడీ నవ్వుతుంటే నేను గుండుతో స్టేజీ ఎక్కేస్తాను."