పాత బియ్యం, ఆరు వారాల ఇంగ్లీషు

మా ఊరి కాలేజీ గేటు మీద ఒకరోజు పెద్ద బ్యానర్ వెలిసింది. దాని మీద ప్రపంచంలో ఉన్న జెండాలన్నీ ఉన్నాయి, అక్కడికి చదువుకోవడానికి వచ్చిన పిల్లల దేశాలవి తప్ప. విదేశీ విద్యార్థులకు ఆరు వారాల్లో ఇంగ్లీషు నేర్పుతామని ఇంగ్లీషులో రాసి ఉంది. చదివి అర్థం చేసుకోగలిగినవాడికి ఆ కోర్సు అక్కర్లేదు, అర్థం కానివాడికి ఆ బ్యానర్ అక్కర్లేదు. ఈ మాట ప్రిన్సిపాల్‌గారితో అన్నాను. ఆయన హాయిగా నవ్వి, మేడమ్ చాలా సరదా మనిషి అని పక్కవాళ్ళకు పరిచయం చేశారు. ఆ కోర్సుకు టీచరుని నేనే.

నన్నే ఎందుకు పెట్టుకున్నారంటే, ఒడిశాలో ఉన్న ఈ రాయగడలో ఇంగ్లీషు ఎమ్మే చదివి, పిలిస్తే మర్నాడే వచ్చి నిలబడేంత ఖాళీగా ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. అంతకుముందు జేకేపూర్ వైపు ఒక బడిలో పాఠాలు చెప్పేదాన్ని. మానేశాను. ఎందుకు మానేశానో నన్ను ఎరిగినవాళ్ళెవరూ అడగలేదు, అంతకాలం ఎలా ఉన్నానా అని మాత్రం ఆశ్చర్యపోయారు. ఇంకో కారణం కూడా ఉంది. మా ఆయనది బియ్యం హోల్‌సేలు. కాలేజీ హాస్టలుకు బియ్యం మా కొట్టు నుంచే వెళ్తాయి. ప్రిన్సిపాల్‌గారూ మా వాళ్ళలాగే విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం మనిషే. బస్తాల గురించి మాట్లాడటానికి వచ్చినప్పుడు నా గురించి కూడా మాట్లాడేసి వెళ్ళారు.

విదేశాల నుంచి పిల్లలొస్తున్నారని తెలియగానే ఆయన మా కొట్టుకు వచ్చి, గోడౌనులో అన్నిటికన్నా పాత బియ్యం ఏవో అవి కావాలన్నారు. ఇది తెలియనివాళ్ళకు చెప్పాలి. మా వాళ్ళ దృష్టిలో కొత్త బియ్యం తినడమంటే గతిలేకపోవడం. కొత్తవి ముద్దవుతాయి, అరగవు, కడుపుబ్బరం. పాతవైతే పొడిపొడిగా, గింజకు గింజ అంటకుండా ఉడుకుతాయి. పెళ్ళిలో కొత్త బియ్యం వండారంటే వియ్యాలవారు ఆ సంగతి మనవలు పుట్టేదాకా చెప్పుకుంటారు. అందుకని మా ఆయన, సొంత చెల్లెలి పెళ్ళికి కూడా తియ్యనంత పాత బస్తాలు గోడౌను వెనక వరస నుంచి తీయించి పంపారు. ఇద్దరూ పరాయి దేశాల పిల్లలకు చేయగలిగిన మర్యాదంతా చేశామనే అనుకున్నారు. నిజానికి చేశారు కూడా.

ఇక నాకిచ్చిన పుస్తకం. లండన్‌లో భూమి కింద రైలెక్కడం ఒక పాఠం. కాఫీ షాపులో పాలు తక్కువ వేయమని బతిమాలడం ఇంకో పాఠం. పక్కింటాయనతో వాన గురించి మర్యాదగా మాట్లాడటం మూడో పాఠం. రాయగడలో వాన గురించి ఎవరూ మర్యాదగా మాట్లాడరు. నేపాల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఆ పుస్తకం చూసి నవ్వారు, వాళ్ళ ఇంగ్లీషు ప్రిన్సిపాల్‌గారి ఇంగ్లీషు కంటే బాగుంది. సూడాన్ పిల్లలిద్దరూ పాపం శ్రద్ధగా అండర్‌లైన్లు గీసుకున్నారు. మడగాస్కర్ నుంచి వచ్చిన ఒకే ఒక్క అమ్మాయి మాత్రం చెయ్యెత్తి, వచ్చీరాని ఇంగ్లీషులో, ఈ ఊళ్ళో కాఫీ షాపు ఎక్కడుందని అడిగింది. నేను పుస్తకం మూసేశాను.

ఆ అమ్మాయి చదువంతా ఫ్రెంచిలో సాగింది. తండ్రిది కొండవాలు మీద వరి సేద్యం. ఆమెకు వ్యవసాయం చదవాలని ఉంది, పక్క జిల్లా కొరాపుట్‌లో సీటు కూడా ఉంది, వాళ్ళ ప్రభుత్వం డబ్బు కూడా ఇస్తుంది. అయితే ముందు మా దగ్గర ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష పాసవ్వాలి. తప్పితే సీటూ ఉండదు, స్కాలర్‌షిప్పూ ఉండదు, తిరుగు విమానం ఒక్కటే ఉంటుంది. ఇదంతా మొదటిరోజే నాకు చెప్పింది. చెప్పడానికి ఆమెకు పీరియడంతా పట్టింది.

పుస్తకం మూశాక నాకు వచ్చినదే నేర్పాను. పోట్లాట. హాస్టల్లో నీళ్ళు రాకపోతే వార్డెన్‌తో, సిమ్ కార్డు పనిచేయకపోతే కొట్టువాడితో, స్టేషన్ నుంచి నోటికొచ్చినంత అడిగే ఆటోవాడితో. నీ అభిప్రాయం చెప్పు, కారణం చెప్పు, ఉదాహరణ చెప్పు, ఇంకోదానితో పోల్చు, తర్వాత నోరు మూసుకుని జవాబు కోసం ఆగు. చివరిది నాకే చేతకాదు, అయినా నేర్పాను. ఇదేదో నా పైత్యమని అనుకోకండి. పరీక్షలో మార్కులు కూడా సరిగ్గా వీటికేనని కాలేజీవాళ్ళే అచ్చువేసిన కాగితంలో ఉంది. అది చదివినదాన్ని బహుశా నేనొక్కదాన్నే.

మొదట్లో ఆ అమ్మాయి మాట పక్క బల్లకి కూడా వినిపించేది కాదు. కొన్నాళ్ళకు ఒక ఆటోవాడితో ఇంగ్లీషులో ఎంత గట్టిగా వాదించిందంటే, వాడు ఈ కొండల ఒడియా అయిన దేశియాలో దణ్ణం పెట్టి న్యాయమైన డబ్బులే తీసుకున్నాడు.

ఆదివారాలు మా ఇంటికి వచ్చేది. మా అత్తగారికీ ఆమెకీ కలిసిన భాష ఒక్కటీ లేదు, అయినా ఇద్దరూ తెగ మాట్లాడుకునేవారు. భోజనం దగ్గర మాత్రం ఆ పిల్ల అన్నాన్ని అటూ ఇటూ కెలికి ఊరుకునేది. “ఏటమ్మీ, కోడిపిల్ల నాగ గింజలేరుతున్నావు, కడుపు నిండా తిను” అనేది మా అత్తగారు. నేను అది ఇంగ్లీషులోకి మార్చి చెప్తే, మొహమాటంగా నవ్వేది.

ఒక వారం కొరాపుట్ కాలేజీ చూపించడానికి పిల్లలందరినీ బస్సులో తీసుకెళ్ళారు. దారి పొడిగించి బొయిపరిగుడ సంత కూడా చూపించారు. మిగతా పిల్లలు ఫొటోలు తీసుకున్నారు. ఈ అమ్మాయి ఒక చిన్న మూటెడు కొత్త బియ్యం కొనుక్కొచ్చింది, కొండ మీద పండిన ఎర్రవి. తిన్నగా మా వంటింట్లోకి వచ్చి వాటిని మెత్తగా వండింది. అన్నం తీసేశాక అడుగున మాడిన పొరలో నీళ్ళు పోసి మరిగించి, గ్లాసులో వంచుకుని టీ తాగినట్టు తాగింది. వాళ్ళ దేశంలో భోజనమయ్యాక అందరూ అదే తాగుతారట. మా అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది. “మాడుగిన్నె తొలిసిన నీళ్ళు తాగతందేటే అమ్మీ” అని నాతో అని, తన గ్లాసు కూడా తెచ్చి ముందుకు జరిపింది. మా ఆయన మాత్రం ఆ పూట ఇంట్లో అన్నం తినలేదు. బియ్యం కొట్టు పెట్టుకున్న మనిషి ఇంట్లో సంత బియ్యమా, అదీ కొత్తవా అని ఆయన బాధ.

పరీక్ష రోజు వచ్చింది. ప్రిన్సిపాల్‌గారూ, బయటి నుంచి వచ్చిన ఇంకొకాయనా పరీక్షాధికారులు. ఆ ఇంకొకాయన కళ్ళు మూసుకుని వింటాడు. నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టి, టీచరు మాట్లాడకూడదని నియమం చెప్పారు. నాకు అంతకు మించిన శిక్ష లేదు. ప్రిన్సిపాల్‌గారు అందరినీ ఒకటే ప్రశ్న అడిగారు, మా హాస్టలు భోజనం ఎలా ఉంది అని. వెరీ గుడ్ సర్ అన్నవాళ్ళందరూ నిమిషంలో బయటపడ్డారు. హాస్టల్లో మెతుకు ముట్టకుండా రోజూ బస్టాండు దగ్గర తినే నేపాల్ కుర్రాడికి అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి.

ఈ అమ్మాయి వంతు వచ్చింది. ఆమె ఇంగ్లీషులో చెప్పిందాన్ని తెలుగులో రాస్తున్నాను.

“అన్నం బాగాలేదు సర్. బియ్యం చాలా పాతవి. మా ఇంట్లో కొత్త పంట రాగానే పాత బియ్యం కోళ్ళకు వేస్తాం. మొన్న బొయిపరిగుడలో ఈ కొండల్లో పండిన బియ్యం కొన్నాను. మెత్తగా, తియ్యగా ఉన్నాయి. పక్కనే అంత మంచివి ఉండగా మాకు ఇవి ఎందుకు పెడుతున్నారు?”

అభిప్రాయం, కారణం, ఉదాహరణ, పోలిక. తర్వాత నోరు మూసుకుని జవాబు కోసం ఆగింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కళ్ళు మూసుకున్నాయన కూడా కళ్ళు తెరిచాడు. ప్రిన్సిపాల్‌గారి ముఖం ఎర్రబడి, అలాగే ఉండిపోయింది. ఆమెను ఫెయిల్ చేశారు.

పిల్లలందరూ వెళ్ళాక నేను ఆయన గదికి వెళ్ళాను.

“కోళ్ళ మేత అన్నాది మేడమ్” అన్నారు ఆయన. “పరాయి దేశం పిల్లలని ఏరికోరి పాతవి తెప్పించేను. కొండోళ్ళు సంతలో అమ్ముకునే బియ్యం పెట్టాలట వాళ్ళకి. అయినా అవి మీ కొట్టు బియ్యమే కదా, మీకు పౌరుషం రాలేదేటి?”

“కొట్టు మా ఆయనది, పరీక్ష మీది, ఇంగ్లీషు ఆ పిల్లది” అన్నాను. “ఇంగ్లీషులో తప్పేమైనా ఉంటే చెప్పండి.”

ఇంగ్లీషులో తప్పు లేదట, పద్ధతిలో ఉందట. మాట్లాడే పరీక్ష పెట్టి, మాట్లాడిందని ఫెయిల్ చేయడం ఏ పద్ధతో చెప్పమన్నాను. ఇంకా చాలా అన్నాను. చివరికి విసిగిపోయి, గురువారం మళ్ళీ పరీక్ష పెడతాననీ, మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాననీ, ఈసారి మర్యాదగా చెప్తే సరే, లేకపోతే తన చేతుల్లో లేదనీ అన్నారు. అప్పటిదాకా అది ఎవరి చేతుల్లో ఉందో నేను అడిగేలోపు ఫోను ఎత్తుకున్నారు.

ఇంట్లో ఇంకో కోర్టు. మా ఆయన రెండు ముద్దలకొకసారి కోళ్ళకా, కోళ్ళకా అనుకుంటూ భోంచేశారు. “దానికి మార్కులు కూడా వేయమన్నావట నువ్వు.”

“మార్కులు బియ్యానికి కాదు, ఇంగ్లీషుకి.”

“అలగైతే బియ్యం బాగున్నాయని ఇంగ్లీషులో సెప్పొచ్చు కదా. అదీ ఇంగ్లీషే కదా.”

ఆయన కొట్టు మీద కూర్చునే మనిషి, వాదనలు ఆయన పని కాదు. అయినా ఆ మాట మాత్రం గట్టిగానే తగిలింది. పెరుగు వడ్డించాను.

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి నా యుద్ధ ప్రణాళికంతా చెప్పాను. కాలేజీ పెద్దలకు ఫిర్యాదు, వాళ్ళ దేశపు రాయబారికి ఇంకోటి, అవసరమైతే భువనేశ్వర్ దాకా వెళ్దాం, అచ్చువేసిన ఆ మార్కుల కాగితం నా దగ్గరే ఉంది, ఒక్కొక్కరి పని పడతాను అన్నాను. నాకు చెప్పేకొద్దీ హుషారొచ్చింది. ఆమె నేను నేర్పినట్టే, పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వింది.

“మేడమ్, మీకు పోట్లాట ఇష్టం” అంది. “నాకు చదువు ఇష్టం. గురువారం ఏం చెప్పాలో నేర్పండి.”

అంత సూటిగా నాతో మా ఇంట్లోవాళ్ళు కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. కోపం వచ్చింది, కాసేపే. విమానం ఎక్కాల్సింది నేను కాదు కదా. కొండవాలు మీద నిలబడి, తన కూతురు ఏం చదివి వస్తుందా అని చూసే తండ్రి నా తండ్రి కాదు కదా.

నేర్పాను. ఎవ్రీథింగ్ ఈజ్ వెరీ నైస్, సర్. చేతులు ముందుకు కట్టుకోవాలి. సర్ అనేచోట తల కొంచెం వంచాలి, మరీ వంచితే వెటకారమనుకుంటారు. చిన్న నవ్వు, పళ్ళు కనిపించకూడదు. థ్యాంక్యూ సర్ అని వీపు తిప్పకుండా రెండడుగులు వెనక్కి వేసి తర్వాత తిరగాలి. నేను ఒక్కసారి చేసి చూపిస్తే పట్టేసుకుంది. నా జీవితంలో ఏనాడూ చేయని పని అంత బాగా ఎలా చేసి చూపించానో నాకే తెలియలేదు. ఆడపిల్లగా పుట్టి ఈ ఊళ్ళో పెరిగితే కొన్ని నేర్చుకోకపోయినా వచ్చేస్తాయి కాబోలు.

“కారణం చెప్పాలా?” అని అడిగింది.

“వద్దు.”

“ఉదాహరణ?”

“అస్సలు వద్దు.”

గురువారం ఆమె లోపలికి వెళ్ళి, నేను నా మూల కుర్చీలో సర్దుకునేలోపే బయటికి వచ్చేసింది. పాసైంది. మామూలు పాసు కాదు, ఆ బ్యాచిలో మొదటి మార్కు. స్వల్పకాలంలో విద్యార్థిని భాష అసాధారణంగా మెరుగుపడిందని ప్రిన్సిపాల్‌గారు కాగితం మీద స్వహస్తాలతో రాశారు. వరండాలో నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, దీని వెనక మీ కృషి చాలా ఉంది మేడమ్ అన్నారు. నాలుక చివరికి వచ్చినవన్నీ మింగేసి తల వంచాను. మరీ ఎక్కువ వంచలేదు.

కొరాపుట్‌లో అడ్మిషను పూర్తవడానికి మరికొన్ని రోజులు పట్టింది. ఆ రోజులన్నీ నేను ఎవరితోనూ పోట్లాడలేదు. నాకు ఒంట్లో బాగాలేదేమోనని మా ఆయన రెండుసార్లు అడిగారు. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోను చేసింది. ఫీజు కట్టారు, పేరు రాసుకున్నారు, గది ఇచ్చారు, ఇక ఎవరూ ఏమీ చేయలేరు కదా అని అడిగింది. చేయలేరని చెప్పాను. మళ్ళీ ఒకసారి, ఖాయంగా అయిపోయినట్టేనా అని నేనే అడిగి, అవుననిపించుకుని ఫోను పెట్టేశాను.

లేచి చీర మార్చుకున్నాను.

“ఇంత ఎండలో ఎక్కడికెల్తన్నావమ్మీ?” అంది మా అత్తగారు.

“కాలేజీకి. ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడాలి.”

“కోర్సు అయిపోయిందన్నావు కదా.”

“ఆ పిల్లకి అయిపోయింది” అని చెప్పులేసుకున్నాను.