పేరు బిళ్ళ తిప్పి పెట్టుకునే రోవీనా

మా వృద్ధాశ్రమంలో ఎవరైనా పోతే ముందు కిటికీ తెరుస్తాం, ఆ తర్వాతే డాక్టరుకి కబురు. పోయినవాళ్ళకి దారి ఇవ్వాలి కదా. ఒహైయో నది గడ్డకట్టే చలిలోనైనా తెరవాల్సిందే. ఆ పని ఎక్కువగా రోవీనాకే పడేది. కన్నబిడ్డల పేర్లు సైతం మరిచిపోయిన ముసలివాళ్ళు ఉన్నట్టుండి "రోవీనా" అని పిలిచేవాళ్ళు. అలా పిలిచినవాళ్ళు ఆ రోజు దాటేవాళ్ళు కారు. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు.

రోవీనా బడి మధ్యలో మానేసి నాతోపాటు ఆయాగా చేరింది. పక్క దుప్పట్లు మారుస్తూనే జుట్టు నెరిసిపోయింది. నర్సు కావాలన్న కోరిక మాత్రం చావలేదు. దానికి కారణం చివరి గదిలో ఉండే వాళ్ళమ్మ ఐడెల్. ఆవిడకి కూతురు గుర్తులేదు, రోవీనాని "నర్సమ్మా" అంటుంది. వేరేవాళ్ళయితే ఏడ్చేవాళ్ళు. రోవీనాకి మాత్రం అదే ప్రాణం. ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు గుండెల మీది పేరు బిళ్ళని వెనక్కి తిప్పేసేది, అమ్మ పొరపాటున కూడా చదవకూడదని.

జనవరిలో కాలేజీ క్లాసులకి పేరిచ్చే చివరి రోజున తోడు వెళ్ళాను. నర్సింగుకి ముందు అనాటమీ చదవాలి, అందులో ఒక్క సీటే మిగిలిందని అక్కడి పెల్‌ఫ్రీ అనే ఆయన చెప్పాడు. ఏ క్లాసు తీసుకుంటే ఏ ఉద్యోగం వస్తుందో చెప్పడం ఆయన పని. ఆశ్రమంలో ఇన్నేళ్ళు చేశారు కాబట్టి శవ సంస్కారాల కోర్సు కూడా మీకు నప్పుతుందన్నాడు పాపం, మంచి మనసుతోనే. మేమూ వెనకాల అదే అనుకునేవాళ్ళం, ఆ పనిలో చేరితే బేరమే దాన్ని వెతుక్కుంటూ వస్తుందని. నోటి దురద.

రోవీనా చాలాసేపు కిటికీ వంక చూసింది. చివరికి శవాల కోర్సే రాయించుకుంది.

కారులో నాకు ఒళ్ళు మండింది. ఎందుకలా చేశావని నిలదీశాను.

"చచ్చినవాళ్ళు ఎవర్నీ పిలవరు కదే," అంది.

తిరిగొచ్చేసరికి ఐడెల్ మంచం మీద కూర్చుని ఉంది. రోవీనా బిళ్ళ తిప్పుకుని లోపలికెళ్ళింది. నేను గుమ్మంలో ఆగాను.

"ఎక్కడికెళ్ళావు నర్సమ్మా?"

"కాలేజీకి. నర్సు చదువుకి."

"ఇన్నాళ్ళూ చదవకుండానే మందులిచ్చావా? ఇంకా బతికున్నానంటే నా అదృష్టమే," అని ఐడెల్ నవ్వింది. అంతలోనే నవ్వు ఆగింది. "నాకో కూతురుంది. పొద్దున్నుంచీ పేరు నాలిక చివరే ఆడుతోంది, బయటికి రావట్లేదు. దాన్నొకసారి పిలవాలనుంది. నీకు తెలిస్తే చెప్పవూ?"

వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. రోవీనా నన్ను చూడలేదు. తల్లి చెయ్యి తన గుండెల మీదికి తీసుకుని, ఆ వేళ్ళతోనే బిళ్ళని ఇవతలికి తిప్పించింది.

ఐడెల్ కూడబలుక్కుని చదివింది. "రోవీనా."

"ఊఁ, అమ్మా."

పోయిన వస్తువు దొరికినట్టు ఆవిడ మళ్ళీ మళ్ళీ పిలిచింది. పిలిచిన ప్రతిసారీ రోవీనా పలికింది. మధ్యలో తల తిప్పకుండానే నాతో, "కాలేజీకి ఫోన్ చెయ్యి. ఆ సీటు ఉంటే అనాటమీకి మార్పించు. అమ్మతో నర్సు చదువని చెప్పాను," అంది.

ఫోన్ చేసొచ్చి ఆ గది కిటికీ గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. దాన్ని ఎవరూ తెరవకుండా కాపలా కాద్దామనుకున్నాను. చీకటి పడేవేళకి పిలుపు ఆగిపోయింది. రోవీనా వచ్చి నా చెయ్యి మెల్లగా తప్పించి, తనే తెరిచింది. బయట గాలి లేదు. అయినా తెర బయటికే ఊగింది.

సీటు దొరికింది. మొదటి రోజు క్లాసులో పంతులు హాజరు తీసుకుంటూ "రోవీనా" అని పిలిచాడట. ఇది పలకకుండా ఆయన మొహం వంకే చూస్తూ ఉండిపోయిందట. ఆయన మళ్ళీ పిలిచాడు.

అప్పుడు, "ఊఁ, అమ్మా," అందట. క్లాసంతా నవ్వింది.

ఆ పంతులు ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నాడు. నేనే అప్పుడప్పుడూ ఫోన్ చేసి కనుక్కుంటుంటాను.