నా గడ్డం దిగిన కథ

ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, మా రైల్వే ఊరి ఖరిదా బజార్లో ఎవడైనా కుర్రాడు గడ్డం పైకెత్తి నడిచాడంటే రైల్వేలో ఉద్యోగం వచ్చిందని అర్థం. నాకూ వచ్చిన మాట నిజమే, వర్క్‌షాపులో ఇనుము చెక్కే లేతు మిషను మీద అప్రెంటిసుగా. కానీ నా గడ్డం లేచింది థైరాయిడ్ వల్ల. ఆ జబ్బు కంటి కండరాలకు పాకి ఒక కన్నును కిందికి లాగేసింది. తిన్నగా చూస్తే ప్రతిదీ ఒకదాని మీద ఒకటి రెండుగా కనిపించేది. తల వెనక్కి వాల్చి కిందచూపు చూస్తే ఒకటయ్యేది. (ఇదంతా ఊరికి విడమరిచి చెప్పే ఓపిక ఇరవై ఏళ్లవాడికి ఎక్కడిది?) ఎదురింటి మామ్మ మాత్రం, "ఏటిరా బావూ, పన్లో సేరి మూడు నెల్లయినా అవలేదు, అప్పుడే మమ్మల్ని పైనుంచి సూస్తన్నావు," అంది.

నా భయం వేరు. నెత్తి మీది క్రేను కొక్కెం నాకు రెండుగా కనిపిస్తోందని తెలిసి మేస్త్రి నన్ను లేతు నుంచి తప్పించి స్టోర్లో కూర్చోబెట్టాడు. ఇక నట్లు ఏరుకుంటూనే బతుకు వెళ్లిపోతుందేమోనని ఏడుపొచ్చేది. వెంటనే ఆపరేషన్ చెయ్యమని కంటి డాక్టరుగారిని బతిమాలాను. "వంకర ఇంకా మారుతోంది. ఒకచోట నిలబడనీ," అన్నారాయన. ఆ మాట మేస్త్రికి చెప్పి విసుక్కుంటే, "ఎర్రగా కాలిన ఇనుముకి కొలత తీస్తావేటిరా? సల్లారనీ," అని టీకి పోయాడు.

కొలత అనేసరికి నాకు హుషారొచ్చింది. ఇంట్లో క్యాలెండరు మేకుకు ఎదురుగా కుర్చీలో నిటారుగా కూర్చుని, రెండో మేకు ఎక్కడ కనిపిస్తోందో చెబితే అక్క గోడ మీద పెన్సిలు గీత పెట్టేది. వారం వారం గీత పైకి పాకేది. ఒక ఆదివారం బెత్తెడు కిందికి దిగేసరికి, జబ్బు తిరుగుముఖం పట్టిందని వీధంతా జిలేబీలు పంచాను. తీరా చూస్తే, అమ్మ ఊడుస్తూ కుర్చీని గోడ దగ్గరికి జరిపిందట; దగ్గర నుంచి చూస్తే రెండు మేకుల మధ్య ఎడం తగ్గుతుంది మరి. (ఈ సంగతి మేస్త్రి వర్క్‌షాపంతా చెప్పుకు తిరిగాడు.) ఆ తర్వాత కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దగీతలు గీశాం.

ఏడాది దాటాక గీత ఆగింది. నెల తర్వాత నెల అక్కడే. డాక్టరుగారి కొలతలూ కదల్లేదు. అప్పుడు ఆపరేషన్ చేశారు.

తిరిగి పనిలోకి వెళ్లిన రోజు మేస్త్రి క్రేను వైపు చెయ్యి చూపించాడు. "ఎన్ని?"

"ఒకటే, బాబాయ్."

"మరింకా ఏటి సూస్తన్నావు, మిషను కాడికి నడు."

ఆ తిట్టుకు కళ్ళనీళ్లు పెట్టుకున్నాను. నా గడ్డం దిగిందని చూసి ఎదురింటి మామ్మ, "ఇప్పటికి అణకువొచ్చింది," అని మెచ్చుకుంది.

మొన్న పెన్షను కాగితాలకు ఫొటో దిగుతుంటే బెంగాలీ ఫొటోగ్రాఫరు, "గడ్డం కాస్త దించండి, దాదా," అన్నాడు. కన్ను ఎప్పుడో కుదురుకుంది, గడ్డానికే ఆ కబురు ఇంకా పూర్తిగా అందలేదు. దించాను గానీ, జిలేబీలు పంచిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, ఫొటోలో నవ్వు ఆపుకోలేకపోయాను.