కడిగేసిన ముఖం

2025 నవంబరు 9, ఆదివారం. రాత్రి ఎనిమిదీ పది. ఉత్తరాదిన, వైశాలిలో మా ఫ్లాట్. ఇందులో ఒక్క నిమిషం కూడా నేను కల్పించింది లేదు, ఒట్టు. ముప్పై నాలుగేళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పినదాన్ని. చూసింది రాసుకుంటాను, రాసుకున్నదే చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వండి.

మర్నాడు ఉదయం ఆరింటికి మా చెల్లెలు శారద ఆసుపత్రిలో చేరాలి. క్యాన్సర్. ఎడమ దవడ తీసేస్తారు. తన ముఖం తన ముఖంగా ఉండే ఆఖరి రాత్రి అది.

రిటైరయ్యాక నేను పాతకాలపు పద్ధతిలో గాజు పలకల మీద మనుషుల ఫోటోలు తీస్తున్నాను. పలక మీద జిగురు మందు పోసి, వెండి ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే ఫోటో తీయాలి. మనిషి పన్నెండు సెకన్లు కదలకూడదు. అందుకని కుర్చీ వెనక ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాని కొసన ఉన్న రెండు కొమ్ములు తలను వెనకనుంచి ఆపుతాయి. ముందునుంచి చూస్తే తల చాటున అవి కనబడవు.

శారద కూతురు పింకీకి విసుగు. ఫోన్‌తో తీస్తే రెండు సెకన్ల పని అని హిందీలో అంటుంది. "పెద్దమ్మా, ఫోన్ సే లే లేతీ హూఁ న! దో సెకండ్ కా కామ్ హై."

"ఫోనొద్దు," అంది శారద. "తెల్లారేసరికి గ్రూపులన్నీ తిరుగుతుంది. అందరూ అయ్యో పాపం అంటారు. అక్క తీసిందైతే ఒక్కటే ఉంటుంది. నా దగ్గరే ఉంటుంది."

ఎనిమిదీ నలభైకి మొదటి పలక. బాగా వచ్చింది. చాలా బాగా... కళ్లలో భయం, దాన్ని కప్పుకున్న చిన్న నవ్వు, రెండూ వచ్చాయి. కానీ చెవి పక్కన ఆవగింజంత నల్ల చుక్క. దుమ్ము పడింది. మచ్చ ఉన్న పలక నా ఇంట్లో ఉండకూడదు. అది నా నియమం.

"దిష్టిచుక్క అనుకోవే అక్కా! ఈ ముఖానికి ఇప్పుడు అదే కావాలి."

"చుక్క చుక్కే. ఇంకోటి తీస్తాను."

కుళాయి కింద పెట్టి బొటనవేలితో రుద్దాను. ముఖం జారి సింకులోకి పోయింది. నిమిషం కూడా పట్టలేదు.

తొమ్మిదీ ఇరవై అయిదుకి రెండోది. పింకీ కారు తీయడానికి కిందికి వెళ్లింది. ఇంట్లో మేమిద్దరమే. కెమెరా మూత తీసి పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి... రెండు... శారద మీదనుంచి చూపు తిప్పలేదు. ఏడు దగ్గర ఫ్రిజ్ మోత ఆగిపోయింది. ఎనిమిది... తొమ్మిది... నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. పన్నెండు. మూత పెట్టాను.

"పదమూడు."

మెల్లగా... కుర్చీ వైపునుంచి.

శారద పెదవులు కదలలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

"నువ్వేనా?"

"నేనెక్కడ మాట్లాడాను? నువ్వే అన్నావనుకున్నా."

పలక తీసుకుని బాత్రూంలోకి నడిచాను. ఫోటోలు కడిగే చీకటిగది అదే, అక్కడ ఎర్ర బల్బు. చివరి మందులో వేసేసరికి పాలలా ఉన్న నీలిపొర మెల్లగా విడుతుంది. ఎప్పుడూ ముఖమే ముందు తేలుతుంది, దాని మీదే వెలుగు ఎక్కువ కాబట్టి.

ఈసారి చేతులు తేలాయి. ఒళ్లో ముడుచుకున్న చేతులు... ఉంగరంతో సహా. తర్వాత శాలువా. భుజాలు. మెడ...

మెడ పైన ఇనుప కొమ్ములు. రెండూ స్పష్టంగా. వాటి వెనక గోడ. గోడకు మేకు.

ముఖం లేదు.

శారద ఎప్పుడు వచ్చిందో, నా భుజం మీదుగా చూస్తోంది.

"డాక్టరు దవడ ఒక్కటే తీస్తానన్నాడు కదే అక్కా..."

"కూర్చో. మూడోది తీస్తాను."

"ఇక కూర్చోను," అంది. చెప్పులేసుకుంది. కింద పింకీ హారన్ కొడుతోంది.

తల కదిలి ఉంటే ముఖం చెదిరేది, మాయమయ్యేది కాదు. దీపాలు తగ్గి ఉంటే చేతులు కూడా వచ్చేవి కావు. అదే కుర్చీలో, అదే ఎత్తున కొబ్బరికాయ పెట్టి మూడుసార్లు తీశాను. మూడుసార్లూ కొబ్బరికాయ వచ్చింది. మందుల్లో తప్పు దొరకలేదు. ఆ గొంతు ఎవరిదో తేలలేదు. ఏమిటది? ఈ రోజుకీ నాకు తెలియదు.

డిసెంబరు 2న ఇంటికొచ్చిన శారదను చూడటానికి వెళ్లాను. నాలుకలో కూడా సగం తీశారు. నన్ను చూసి కాగితం అందుకుంది. "మొదటిది ఎందుకు కడిగావు?" అని రాసి నా వైపు జరిపింది. నియమం అని చెప్పబోయాను. తను గోడవైపు తిరిగి పడుకుంది.

శారదను తీసినవి రెండు పలకలు. కడిగేసింది ఒకటి. ముఖం లేనిది ఒకటి, నా బీరువాలో ఉంది.

పోయినవి: ఎడమ దవడ. సగం నాలుక. ఆవగింజంత చుక్కతో బాగా వచ్చిన ముఖం. అక్కా అనే పిలుపు.