ఏ చెరువండీ?

2009లో స్నేహితుడి పెళ్లికి కలిదిండి దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. అప్పుడే కొన్న కొత్త రకం బూట్లు వెంట తీసుకెళ్లాను. ఒక్కో వేలికీ ఒక్కో తొడుగు, కింద పల్చటి రబ్బరు. వాటితో పరిగెడితే ఉత్తకాళ్లతో పరిగెత్తినట్టే ఉంటుంది. తెల్లవారుతుండగా చేపల చెరువు గట్టెక్కాను. మంచుకు తడిసిన మట్టి చల్లదనం అరికాళ్లకు తెలుస్తుంటే హుషారు ఆపుకోలేక వేగం పెంచాను.

వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే చీర ఎగదోపుకున్న ఒక పెద్దావిడ, ఆమె వెనక లుంగీలు ఎగగట్టిన మగవాళ్లు, అందరూ నావైపే పరిగెత్తుకొస్తున్నారు.

"ఏ చెరువండీ?" అని రొప్పుతూ అడిగింది ఆవిడ.

"చెరువేంటండీ?"

"చేపలు తేలింది ఏ చెరువులోనండీ?"

తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయట. వెంటనే ఇంజన్లు పెట్టి నీళ్లు కొట్టించకపోతే చేతికొచ్చిన చేపంతా చచ్చిపోతుంది. అందుకే చూసినవాడు చెప్పులు కూడా వేసుకోకుండా కబురు చెప్పడానికి పరిగెడతాడు. దూరం నుంచి నావి ఉత్తకాళ్లలాగే కనబడ్డాయి వాళ్లకు.

వ్యాయామం కోసమేనని చెప్పి, కాలెత్తి బూటు చూపించాను. ఆవిడ వంగి వేళ్లన్నీ పరీక్షగా చూసి, గట్టు మీద కూలబడి నవ్వింది. ఇంతమంది నా వెంట పరిగెత్తడం నా జన్మలో అదే మొదలు.

"రేపట్నించి మామూలు బూట్లేసుకుని పరిగెత్తండి బాబూ," అంది. "పనిలేక పరిగెడుతున్నారని మాకు తెలుస్తుంది."