వియ్యపురాలి కోసం చూసిన సీరియల్

మాది గోదావరి వైపు. వెటకారం లేనిదే మాకు ముద్ద దిగదు. అమెరికాలో ఈ అరోరా ఊరికి వచ్చి సగం జీవితం గడిచినా ఆ గుణం నన్ను వదల్లేదు. అందుకే మా అమ్మాయి ఒక స్కాట్లండ్ అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు నాకు పట్టుకున్న బెంగ కులం గురించీ కాదు, దేశం గురించీ కాదు. ఆ వియ్యపురాలిని ఆటపట్టించడం కుదురుతుందా లేదా అని.

నవ్వకండి. మా వైపు పెళ్ళంటే వియ్యపురాలి మీద పాటలు పాడాల్సిందే. ఆవిడ తిండి మీద, నడక మీద, నగల మీద. ఆ పాటలు లేని పెళ్ళి ఉప్పు లేని పప్పే.

మొదటి వీడియో కాల్‌లోనే నేను నోరు జారానని మా అమ్మాయి అంటుంది. జారలేదు, కావాలనే అన్నాను. “కొడుక్కి టీ పెట్టుకోవడం కూడా నేర్పకుండా మా పిల్ల నెత్తిన పెడుతున్నారే!” అని. అబ్బాయి తల్లి కోప్పడలేదు, నవ్వనూ లేదు. “సారీ” అంది. ఆ రోజు నుంచి నేనేమన్నా “లవ్లీ” అనడం మొదలుపెట్టింది.

“మమ్మీ, ప్లీజ్, ఆంటీతో జోక్స్ చెయ్యొద్దు. వెడ్డింగ్‌లో ఆ పాటలు కూడా వద్దు. షీ విల్ బి హర్ట్” అంది మా అమ్మాయి.

నాకు కోపం వచ్చింది. కోపం కంటే కుతూహలం ఎక్కువైంది. అసలు వీళ్ళు దేనికి నవ్వుతారు? కాబోయే అల్లుణ్ణి అడిగితే, వాళ్ళమ్మ వదలకుండా చూసే కామెడీ సీరియల్ ఒకటి పెట్టి చూపించాడు. అది స్కాట్లండ్ వాళ్ళు వాళ్ళ కోసమే తీసుకున్నది. బయటివాళ్ళకి అర్థం కావాలన్న తాపత్రయం ఎక్కడా లేదు. బస్సు డిపోలో టీకొట్టు నడిపే అక్కాచెల్లెళ్ళ కథ. మొదటి ఎపిసోడ్‌లో సగం ఇంగ్లీషు నాకు ఎక్కనే లేదు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని, పరీక్షకి చదివినట్టు చదివాను.

అక్క చెల్లెల్ని తిట్టని సీను లేదు. జుట్టు మీద తిట్టు, మొగుడి మీద తిట్టు. ఒక డ్రైవర్ చనిపోతే అతని భార్యకి అక్క సూపు పట్టుకెళ్ళి, “ఏడ్చి ఏడ్చి మొహం ఉడికిన బంగాళాదుంపలా అయింది, ముందు తిను” అంటుంది. ఆ భార్య నవ్వి తింటుంది. తర్వాత హత్యల డ్రామా ఒకటి చూశాను. రేవు ఊరు, ఎప్పుడు చూసినా వాన. శవం పక్కన నిలబడి కూడా ఒకరి కోటు మీద ఒకరు జోకులు. ప్రేమిస్తున్నానని ఎవరూ అనరు. మరి ప్రేమ ఎక్కడుందా అని వెతికాను.

టీకొట్టు సీరియల్లోనే దొరికింది. లండన్ నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ వస్తాడు. అంత నోరున్న అక్కాచెల్లెళ్ళూ అతని ముందు చేతులు కట్టుకుని, అతనేమన్నా “లవ్లీ” అంటారు. నేను అక్కడే ఆపేశాను. తిట్లు సొంతవాళ్ళకి, మర్యాద పరాయివాళ్ళకి. అంటే వియ్యపురాలి లెక్కలో నేనింకా ఆ ఇన్‌స్పెక్టర్‌నే. నిజంగా బాధేసింది.

పెళ్ళికి ముందు ఆవిడ మా ఇంటికి వచ్చింది. పెసరట్టు లవ్లీ, గోంగూర లవ్లీ, పక్కనున్న నేపర్‌విల్ ఊరి ట్రాఫిక్ కూడా లవ్లీ. నా అల్లం టీ మరీ లవ్లీ. అమ్మాయి సంతోషంగా ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది.

ఒక సాయంత్రం ఇద్దరం సోఫాలో కూర్చున్నప్పుడు ఆ టీకొట్టు సీరియల్ పెట్టాను. అక్క నోరు తెరవకముందే నేను నవ్వేశాను. ఆవిడ తల తిప్పి నన్ను చూసింది.

“ఇది ముందే చూశారా?”

“మొత్తం చూశాను.”

“ఎందుకు?”

“మీరు దేనికి నవ్వుతారో తెలుసుకుందామని.”

ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. తర్వాత ఇంగ్లీషులో అన్నదాన్ని నా తెలుగులో చెబుతున్నాను. “అయితే వినండి. మీ టీ తాగడం నా వల్ల కాదు. అది టీ కాదు, దగ్గు మందు. వచ్చిన దగ్గర్నుంచీ ఆ కుండీలో పోస్తున్నాను.”

కిటికీ దగ్గర కుండీలో ఉన్నది నా కరివేపాకు మొక్క. ఇల్లినాయ్ చలి నుంచి పసిపిల్లలా కాపాడుకుంటున్న మొక్క. ఎందుకు వాడిపోతోందో తెలియక ఎరువు కూడా మార్చాను. వంటగది గుమ్మంలో మా అమ్మాయి బిగుసుకుపోయి నిలబడింది.

“నా మొక్కని చంపుతారా మహాతల్లీ! కొడుక్కి టీ పెట్టడం నేర్పని మీరా నా టీకి వంక పెట్టేది?” అన్నాను. వీడియో కాల్‌లో అన్న మాటే.

ఈసారి ఆవిడ పగలబడి నవ్వింది. “నేర్పాను. వాడే మొద్దు” అంది.

“మరి ఆ రోజు సారీ అన్నారే?”

“అప్పటికి మీరెవరో నాకు తెలియదుగా.”

లేచి తనే టీ పెట్టి తెచ్చింది. చేదు విషం. ఆ మాట మొహం మీదే చెప్పాను. ఆ ఊపులో పెళ్ళిపాటల సంగతి కూడా చెప్పేశాను. పాడమంది. వియ్యపురాలు భోజనాల బంతిలో కూర్చుంటే అన్నం గుండిగలు ఖాళీ, ఆవిడ నడిస్తే పందిరి ఊగుతుంది అని ఒక చరణం పాడి, అర్థం చెప్పాను. అమ్మాయి కళ్ళు మూసుకుంది.

ఆవిడ ఇంకా ఏమైనా ఉందేమోనని నా మొహంలోకి చూసింది.

“అంతేనా?” అంది.