ఈదమ్మ అవ్వ నేర్పిన ఏడుపు

నిన్న ఏదో పాత ఫైలు వెతుకుతూ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చెవిలో ఒక దగ్గు వినిపించింది. ఒక ముసలావిడ రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, శోకం ఎత్తుకుంది. మూడు నిమిషాలు రాళ్లు కరిగేలా ఏడ్చి, చటుక్కున ఆపి, "చాయ్ వచ్చిందా బిడ్డా?" అని అడిగింది. ఆ దగ్గూ, ఆ చాయ్ మాటా కోసెయ్యమని అప్పట్లో మా డైరెక్టర్ చెప్పాడు. సినిమాలో కోసేశాను. నా దగ్గర మాత్రం అలాగే దాచుకున్నాను. ఆ గొంతు ఈదమ్మ అవ్వది.

నేను సినిమాలకు శబ్దం రికార్డు చేస్తాను. సొంతూరు నల్లగొండ. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, మన మాట మాట్లాడే చిన్న సినిమాలకు మంచి రోజులొచ్చినప్పుడు, పానగల్లు దగ్గర ఒక ఊళ్లో తీసిన సినిమాకు పనిచేశాను. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ తండ్రి చనిపోతే ఒకే ఇంట్లో చేరి, శవం ముందే పాత పంచాయితీలన్నీ తవ్వుకోవడం కథ. సగం నవ్వు, సగం ఏడుపు. నవ్వు బాగానే కుదిరింది. ఏడుపు దగ్గరే తేడా కొట్టింది. హైదరాబాద్ నుంచి తెచ్చిన ఆర్టిస్టులు కాటుక చెదరకుండా ఏడుస్తున్నారు. డైరెక్టర్ తల పట్టుకుని కూర్చుంటే, మాకు వంట చేసే ఆవిడ ఊళ్లోకి వెళ్లి ఈదమ్మ అవ్వను వెంటపెట్టుకొచ్చింది.

అవ్వకు డెబ్బై దాటాయి. బతుకంతా నాట్లకూ కలుపులకూ పోయిన మనిషి. ఆదివారం చర్చికి వెళ్లేది. సావు ఎవరింట్లో అయినా సరే, పిలిచినా పిలవకపోయినా వెళ్లి శోకం పెట్టేది. వస్తూనే, శవంలా చాప మీద పడుకున్న పెద్ద నటుణ్ని ఎగాదిగా చూసింది.

"ఈయన పేరేంది సారూ? ఏం పని చేసేటోడు? ఏం ఇష్టంగ తినేటోడు?"

"అవన్నీ కథలో లేవవ్వా. నువ్వు ఊరికే ఏడువు" అన్నాడు డైరెక్టర్.

"ఊరికే ఎట్ల ఏడుస్తరు? మనిషిని ఎరుకలేకుంట కన్నీళ్లు ఏడికెళ్లి వస్తయి?"

డైరెక్టర్ అప్పటికప్పుడు పుట్టించాడు. పేరు రాములు. వ్యవసాయం. జొన్నరొట్టె, ఎండుచేపల పులుసు అంటే ప్రాణం. అవ్వ తలూపి, దగ్గి, మొదలుపెట్టింది. "జొన్నరొట్టె తుంచి నా చేతిల పెట్టేటోడివి, ఓ రామన్నా... గిప్పుడు గా రొట్టె ఎవలికి చెయ్యాలె, ఓ అన్నా..." రెండో నిమిషానికి శవం కళ్ల వెంట నీళ్లు కారాయి. డైరెక్టర్ కట్ అన్నాడు. నటుడు లేచి కూర్చుని, "నేనేం చెయ్యాలె? నిజంగనే సచ్చిపోయిననుకున్న" అన్నాడు. అందరికన్నా ఎక్కువ నవ్వింది అవ్వే.

నా పని నాకు ముఖ్యం కదా. "మైకు పెట్టినంక దగ్గకు అవ్వా" అన్నాను.

"దగ్గకుంటే గొంతెట్ల తెరుసుకుంటది కొడుకా?"

"మరి ఏడ్వంగనే గా చాయ్ ముచ్చటెందుకు?"

"ఏడ్పు అయిపోయిందని పానానికి తెల్వద్దా?"

ఏడుపు అయిపోయిందని ప్రాణానికి చెప్పే మీట నా సామాన్లలో ఏదీ లేదు. నవ్వి మైకు సర్దుకున్నాను.

మూడో రోజు పాడె ఎత్తే సీను. కథ ప్రకారం పెద్దకూతురి బండి దారిలో చెడిపోతుంది, అన్నదమ్ములు ఆమె కోసం ఆగకుండా పాడె ఎత్తేస్తారు, తర్వాత దాని మీద కొట్లాట, నవ్వులు. అంతా సిద్ధమయ్యాక అవ్వ వెళ్లి పాడె ముందు చతికిలబడింది. "బిడ్డ రాంది ఎత్తద్దు" అంది. ఇది సినిమా అవ్వా అంటే వినదు. "సినిమా అయితేంది? బిడ్డ శోకం పెట్టాలె. అప్పుడే ఎత్తాలె." ఎండ మండిపోతోంది, టైము పోతోందని కెమెరామన్ గొణుగుతున్నాడు. విసుగొచ్చి నేను నోరు జారాను.

"ఎత్తుతరు అవ్వా. మా ఇంట్ల మేం ఎత్తినం."

అవ్వ నా వైపు తిరిగింది. లేచి పక్కకు వచ్చి, టార్పాలిన్ నీడలో కూర్చుని, నన్నూ కూర్చోమంది. నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఆమెకు చెప్పేశాను. మా అమ్మ ముందే పోయింది. బాపు పోయిన రోజు మా అక్క ఆలంపూర్ నుంచి బయల్దేరింది. దారిలో బస్సు చెడిపోయింది. సాయంత్రం ఫోన్ చేసి, "దేవరకొండ దాటిన తమ్మీ, జర ఆపు" అంది. పొద్దు గూకుతోందని పెద్దలు తొందరపెట్టారు. అందరికీ పెద్దలే తొందరపెట్టారని చెప్పుకున్నాను గానీ, ఆ ఇంట్లోంచి, ఆ ఏడుపుల్లోంచి ఎప్పుడు బయటపడతానా అని నాకే ఎక్కువ తొందర. అక్క వచ్చేసరికి కట్టెలు సగం కాలాయి. ఆమె ఏడవలేదు. "అయిపాయెనా?" అని ఒక్క మాట అడిగి, వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. నాకున్నది ఒక్క అక్క. చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది.

అవ్వ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"గా ఏడ్పు ఇంక ఆమె కడుపులనే ఉన్నది బిడ్డా. నువ్వే పో. తప్పయింది, మాఫ్ చెయ్యి అని మొదలువెట్టకు. నువ్వు నీ ముచ్చట చెప్తే ఆమె నిన్నే ఊకోబెట్టాల్సి వస్తది. మీ నాయిన ముచ్చట తియ్యి. ఆమె ఏడుస్తే ఆపకు."

ఆ రోజు డైరెక్టర్ ఓడిపోయి సీను మార్చాడు. పెద్దకూతురు వచ్చేదాకా పాడె ఎత్తలేదు. సినిమా చూసినవాళ్లంతా ఆ సీనే బాగుందన్నారు.

షూటింగ్ అయిపోయిన మర్నాడే ఆలంపూర్ వెళ్లాను. బావ తలుపు తీశాడు. అక్క నన్ను చూసి మొహం తిప్పుకుని బియ్యం చెరుగుతూ కూర్చుంది. ఎదురుగా నేల మీద కూర్చున్నాను. దారి పొడుగునా వద్దనుకున్న మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. మింగేశాను.

"బాపు మనల్ని సైకిల్ మీద పానగల్లు జాతరకు తీస్కపోయేటోడు, యాదున్నదా? నిన్ను ముంగట కమ్మి మీద, నన్ను ఎనుక."

అక్క తల ఎత్తకుండా చెరుగుతూనే, "కమ్మి ఒత్తుకుంటదని తన తువ్వాల మడతపెట్టి ఏసేటోడు" అంది. చేట పక్కన పెట్టింది. ఆ తువ్వాల దగ్గరే మొదలైంది. ఒక్కో ముచ్చట ఎత్తి బాపును పిలుస్తూ, నేల చరుస్తూ ఏడ్చింది. మధ్యలో నన్నూ నోటికొచ్చినట్టు తిట్టింది. నేను ఆపలేదు. నాకూ ఏడుపు ఆగలేదు.

పట్టపగలు ఆ శోకం విని వాడకట్టంతా పరుగెత్తుకొచ్చింది. బావ గడపలో నిలబడి సమాధానం చెప్పాల్సి వచ్చింది.

"ఎవలు పోయిన్రు?"

"మా మామ."

"అయ్యో, ఎప్పుడు?"

"నాలుగేండ్లయితాంది."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం, "అయితేంది, బిడ్డ ఏడుస్తాంది గదా" అని లోపలికొచ్చి అక్క పక్కన కూర్చుంది. మిగతావాళ్లూ కూర్చున్నారు. ఎంతసేపు గడిచిందో తెలియదు. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, ముక్కు చీది, బొంగురు గొంతుతో నన్నడిగింది.

"చాయ్ తాగుతవా?"

కిందటేడు అవ్వ పోయింది. కబురు తెలిసినప్పుడు ఆలంపూర్‌లో అక్క దగ్గరే ఉన్నాను. వాళ్లింటికి ఫోన్ చేసి, బయల్దేరుతున్నానన్నాను. "మెల్లగ రా అన్నా, నువ్వొచ్చేదాక ఉంచుతం" అన్నాడు అవ్వ మనుమడు. బండి దగ్గరికి వచ్చేసరికి అక్క అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉంది. తను అవ్వను ఎన్నడూ చూడలేదు.

ఇప్పటికీ ఏడుపు సీనుకు కట్ అనగానే నేను మైకు ఆపను. ఆ మనిషి ఊపిరి కుదుటపడి, మామూలు మాట ఒకటి మాట్లాడేదాకా ఆగుతాను. సావింటికి వెళితే, ఇంకా రావాల్సిన వాళ్లెవరని ముందు అడుగుతాను. అవ్వ నాకిచ్చినవి ఈ రెండే అనుకునేవాణ్ని. అవ్వ సావుకు బయల్దేరిన ఆ రోజు, బండి దేవరకొండ దాటాక అక్క కిటికీలోంచి చూపు తిప్పి నన్నడిగింది.

"ఆమెకు ఏం ఇష్టముండె తమ్మీ? ఏం పని చేసేది? అన్ని చెప్పు. ఏం తెల్వకుంట పోయి ఎట్ల ఏడ్వాలె?"

చాయ్ దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పాను.